స్టీల్ మాగ్నోలియాస్: ఒక పిల్లవాడికి వాళ్ళ అమ్మ ఎవరో చెప్పడానికి పుట్టిన కథ

ఈ ఎపిసోడ్‌లో మనం 1989లో వచ్చిన ఒక అమెరికన్ సినిమా గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి మాట్లాడుకుందాం. సినిమా పేరు స్టీల్ మాగ్నోలియాస్. చూసినవాళ్ళని అడిగి చూడండి, ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. ఒకరు "అబ్బ, ఎంత నవ్వించిందో" అంటారు. ఇంకొకరు "ఏడుపు ఆపుకోలేకపోయాను" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. కూతురు చనిపోయే కథలో ఇన్ని జోకులు ఎలా ఇమిడాయి? ఈ ప్రశ్నకి జవాబు సినిమాలో కన్నా, ఆ కథ పుట్టిన తీరులో ఎక్కువ దొరుకుతుంది. అందుకే ఇవాళ సినిమా కన్నా ముందు జరిగిన సంగతులనుంచి మొదలుపెడదాం.

అమెరికాకి దక్షిణాన లూసియానా రాష్ట్రం ఉంది. అందులో నాకిటష్ అని ఒక చిన్న ఊరు. 1714లో ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న ఊరు అది. నది ఒడ్డున పాత ఇళ్ళు, ఇటుకలు పరిచిన వీధి, క్రిస్మస్ వస్తే ఊరంతా దీపాలు. రాబర్ట్ హార్లింగ్ కుటుంబం ఆ ఊరిదే. ఆయన లా చదివి, ఆ వృత్తిలోకి వెళ్ళకుండా నటుడు కావాలని న్యూయార్క్ వెళ్ళిపోయాడు. ఆయన చెల్లెలు సూసన్. ఆమెకి టైప్ 1 డయాబెటిస్, అంటే ఇన్సులిన్ లేకపోతే బతకడం కుదరని రకం షుగర్. పెళ్ళి చేసుకుంది, ఒక బాబు పుట్టాడు. ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. వాళ్ళ అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అయినా సూసన్ నిలవలేదు. 1985లో చనిపోయింది.

ఇలాంటి దుఃఖం ఎన్నో కుటుంబాలకి వస్తుంది. ఇది నాటకంగా, సినిమాగా ఎందుకు మారింది? హార్లింగ్ తర్వాత చాలా ఇంటర్వ్యూలలో చెప్పిన సంగతి ఇది. సూసన్ పోయిన కొన్నాళ్ళకి ఆమె భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లవాడు ఇంకా చిన్నవాడు కదా, కొత్తగా వచ్చినావిడని అమ్మా అని పిలిచాడు. పిల్లవాడి తప్పేమీ లేదు, ఆ వయసుకి అది సహజం. కానీ మేనమామకి మాత్రం గుండె కలుక్కుమంది. వీడికి తన కన్నతల్లి ఎలా నవ్వేదో, ఎలా వాదించేదో, తనని కనడానికి ఎంత తెగించిందో ఎప్పటికీ తెలియదేమో అన్న భయం పట్టుకుంది. ఒక స్నేహితుడు "రాసి పెట్టు" అని సలహా ఇచ్చాడు. ముందు పిల్లవాడి కోసం ఒక చిన్న కథగా మొదలుపెట్టాడు. అది చాల్లేదు. ఎందుకంటే వాళ్ళ అమ్మ గురించి చెప్పాలంటే ఆవిడ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాట్లాడే తీరు వినిపించాలి. అది వినిపించాలంటే నాటకమే దారి. అంతకుముందు ఒక్క నాటకం కూడా రాయని మనిషి పది రోజుల్లో ఈ నాటకం పూర్తి చేశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చెల్లెలు చనిపోయిన కథ రాస్తున్నాడు కదా, ఎవరైనా అయితే ఆసుపత్రిలో పెడతారు, లేదా ఇంట్లో పెడతారు. ఈయన కథ మొత్తాన్ని ఒక బ్యూటీ పార్లర్‌లో పెట్టాడు. ట్రూవీ అనే ఆవిడ తన ఇంటి కారు షెడ్డుని పార్లర్‌గా మార్చుకుంటుంది. నాటకంలో ఉన్నవి నాలుగు దృశ్యాలు, ఆరుగురు ఆడవాళ్ళు. నాలుగు దృశ్యాలూ ఆ గదిలోనే. స్టేజీ మీదకి ఒక్క మగవాడు రాడు. తండ్రి చెట్ల మీద పిట్టల్ని బెదరగొట్టడానికి పేల్చే తుపాకీ చప్పుడు మాత్రం బయటినుంచి వినిపిస్తుంది. మగవాళ్ళు అంటే ఆ నాటకంలో ఒక చప్పుడు అన్నమాట.

ఎందుకలా చేశాడు? ఆ కాలపు అమెరికా దక్షిణాది చిన్న ఊళ్ళలో బ్యూటీ పార్లర్ అంటే జుట్టు సర్దుకునే చోటు మాత్రమే కాదు. చాలామంది ఆడవాళ్ళకి వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళ, అదే కుర్చీ. తల తడిపి, రోలర్లు చుట్టి, డ్రయ్యర్ కింద కూర్చున్నాక ఎక్కడికీ పోలేరు. మాట్లాడుకోవాల్సిందే. తలలో రోలర్లతో కూర్చున్నప్పుడు మేయరు భార్య అయినా ఒకటే, నిన్న ఊళ్ళోకి వచ్చిన పేదపిల్ల అయినా ఒకటే. భర్తలు ఆ గుమ్మం తొక్కరు. ఇంట్లో చెప్పలేనిది అక్కడ చెప్పుకోవచ్చు. హార్లింగ్‌కి ఆ మాటలు చిన్నప్పటినుంచీ తెలుసు. తన ఊరి ఆడవాళ్ళు మామూలుగానే అంత చమత్కారంగా మాట్లాడతారని ఆయన చెప్పేవాడు. అందువల్ల ఆ జోకులు ప్రేక్షకుల్ని నవ్వించడానికి పైనుంచి చల్లినవి కావు. ఆ మనుషులు కష్టాన్ని పక్కకి నెట్టి నిలబడే పద్ధతే అది.

నాటకం 1987 మార్చిలో న్యూయార్క్‌లో ఒక చిన్న థియేటర్లో మొదలైంది. జూన్‌లో లూసిల్ లోర్టెల్ థియేటర్‌కి మారింది. 1990 దాకా ఆడింది. మొత్తం 1,126 ప్రదర్శనలు. బ్రాడ్‌వే పెద్ద హాళ్ళలో కాకుండా చిన్న హాల్లో ఆడిన నాటకానికి ఇది చాలా పెద్ద సంఖ్య.

పేరు సంగతి కూడా చెప్పుకుందాం. మాగ్నోలియా అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పూసే పెద్ద తెల్లపువ్వు. లూసియానాకి అది రాష్ట్రపుష్పం. రేకు మీద వేలు నొక్కితే చాలు, గోధుమరంగు మచ్చ పడుతుంది. అంత సుకుమారం. దానికి ముందు ఉక్కు అని చేర్చారు. ఈ మాట హార్లింగ్ సృష్టి కాదు. 1970లలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ భార్య రోజలిన్ కార్టర్‌ని పత్రికలు ఈ పేరుతోనే పిలిచేవి. పైకి మెత్తగా, మర్యాదగా కనిపిస్తూ లోపల వంగని దక్షిణాది ఆడమనిషి అని దాని అర్థం.

సరే, సినిమాకి వద్దాం. నిర్మాత రే స్టార్క్, దర్శకుడు హెర్బర్ట్ రాస్. రాస్ నృత్యదర్శకుడిగా మొదలైన మనిషి. 1977లో ద టర్నింగ్ పాయింట్ అని ఇద్దరు స్నేహితురాళ్ళ కథ తీశాడు, అందులో ఒకరు షర్లీ మెక్‌లేన్. ఆడవాళ్ళ స్నేహం ఆయనకి కొత్త విషయం కాదు. స్క్రిప్టు హార్లింగే రాశాడు. తల్లి ఎమ్‌లిన్‌గా సాలీ ఫీల్డ్, కూతురు షెల్బీగా అప్పటికింకా పెద్ద పేరు రాని జూలియా రాబర్ట్స్, పార్లర్ ట్రూవీగా గాయని డాలీ పార్టన్, మేయరు భార్యగా ఉండి భర్త పోయిన క్లెయిరీగా ఒలింపియా డుకాకిస్, ఊరందరి మీదా కసురుకునే వీజర్‌గా షర్లీ మెక్‌లేన్, పార్లర్‌లో పనికి చేరిన భయస్తురాలు అనెల్‌గా డారిల్ హానా. మెక్‌లేన్‌కి ఆస్కార్ తెచ్చిన 1983 నాటి టర్మ్స్ ఆఫ్ ఎండియర్‌మెంట్‌లో కూతుర్ని పోగొట్టుకునే తల్లి ఆవిడే. ఇక్కడ ఆ తల్లి పక్కన నిలబడే స్నేహితురాలు అయింది.

షూటింగ్ ఎక్కడ చేశారో తెలుసా? నాకిటష్‌లోనే, 1988 వేసవిలో. సినిమాలో ఊరికి వేరే పేరు పెట్టారు కానీ కనిపించే వీధులు, నది ఒడ్డు, క్రిస్మస్ దీపాలు అన్నీ ఆ ఊరివే. చలికాలం దృశ్యాలు కూడా ఆ ఎండల్లోనే, స్వెటర్లు వేసుకుని చేశారు. హార్లింగ్ చర్చి పాస్టర్‌గా చిన్న వేషం వేశాడు. ఆసుపత్రి దృశ్యాల్లో, సూసన్‌కి నిజంగా వైద్యం చేసిన సిబ్బందిలో కొందరిని పెట్టుకున్నారు. ఒక్కసారి ఊహించండి. మూడేళ్ళ కిందట ఒక అమ్మాయిని కాపాడలేకపోయినవాళ్ళు, ఇప్పుడు అదే పనిని కెమెరా ముందు మళ్ళీ చేశారు.

ఇంకో సంగతి ఉంది. ఇది హార్లింగే చెప్పాడు. జూలియా రాబర్ట్స్ మంచం మీద కోమాలో ఉన్నట్టు పడుకుని, యంత్రాలు ఆపేసే దృశ్యం తీస్తున్నారు. హార్లింగ్ తల్లి అది చూస్తానని అక్కడికి వచ్చింది. కొడుకు వద్దన్నాడు, చూడలేవన్నాడు. ఆవిడ ఉండిపోయింది. అయిపోయాక ఎందుకు చూశావని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు సారాంశం ఏమిటంటే, ఆ అమ్మాయి మంచం మీదనుంచి లేచి నడిచి వెళ్ళడం చూడాలని ఉంది, అందుకు ఉన్నాను అని. ఈ సినిమా ఎందుకుందో చెప్పడానికి ఈ ఒక్క జవాబు చాలనిపిస్తుంది.

నాటకం సినిమా అయినప్పుడు ఏం మారింది? గది తలుపులు తెరుచుకున్నాయి. తండ్రి, భర్త, తమ్ముళ్ళు కనిపించారు. పెళ్ళి కనిపించింది. పెళ్ళికొడుకు పేరు మీద ఆర్మడిల్లో అనే జంతువు ఆకారంలో చేసిన కేకు కనిపించింది. ఆసుపత్రి కనిపించింది. కొంత పోయింది కూడా. నాటకంలో మరణం స్టేజీ మీద జరగదు. తల్లి మళ్ళీ పార్లర్‌కి వచ్చి, ఆ కుర్చీల మధ్య నిలబడి చెప్తుంది. ప్రేక్షకులు ఆవిడ మాటల్లోనే చూడాలి. సినిమాలో అన్నీ కళ్ళకి కనబడతాయి కాబట్టి అక్కడక్కడ మరీ ఏడిపిస్తున్నారనిపిస్తుంది. అప్పటి విమర్శకుల్లో కొందరు ఆ మాటే అన్నారు. జనం మాత్రం చూశారు. అమెరికాలోనే 8 కోట్ల డాలర్లకి పైగా వసూలైంది. జూలియా రాబర్ట్స్‌కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

కానీ సినిమాలో ఒక దృశ్యం నాటకంలో కన్నా తక్కువ కాలేదు. అంత్యక్రియల తర్వాత శ్మశానంలో జరిగే దృశ్యం. దీని దగ్గర కాస్త ఆగుదాం.

అందరూ వెళ్ళిపోయారు. సమాధి దగ్గర తల్లి, ఆమె స్నేహితురాళ్ళు మిగిలారు. అనెల్ ఈలోగా బాగా భక్తిలో పడిపోయింది. షెల్బీ దేవుడి దగ్గరికి చేరింది కాబట్టి మనం సంతోషించాలి అన్నట్టు మాట్లాడుతుంది. మంచి ఉద్దేశంతో అన్నదే. తల్లి మర్యాదగానే జవాబిస్తుంది, కానీ నాకు నా కూతురు ఇక్కడే ఉంటే బాగుండేది అంటుంది. తర్వాత ఆసుపత్రిలో ఏమైందో చెప్తుంది. యంత్రాలు ఆపేటప్పుడు మగవాళ్ళు తట్టుకోలేక బయటికి వెళ్ళిపోయారు. ఉక్కులాంటి వాళ్ళు అనుకునేది వాళ్ళనే కదా. తాను మాత్రం చేయి పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఈ లోకంలోకి వచ్చినప్పుడు ఉన్నాను, వెళ్ళినప్పుడూ ఉన్నాను అని చెప్తుంది. నేను బాగానే ఉన్నాను, బాగానే ఉన్నాను అంటూనే ఒక్కసారిగా ఆ ఉక్కు విరిగిపోతుంది. ఎందుకు ఇలా జరిగింది అని అరుస్తుంది. ఎవరినైనా కొట్టాలని ఉంది, నా నొప్పి ఎంతో వాళ్ళకి తెలిసేలా కొట్టాలని ఉంది అంటుంది.

ఇలాంటప్పుడు మామూలుగా పక్కనున్నవాళ్ళు ఏం చేస్తారు? ఊరుకోమ్మా అంటారు. దగ్గరికి తీసుకుంటారు. క్లెయిరీ అలా చేయదు. పక్కనున్న వీజర్‌ని పట్టి ముందుకు లాగి, ఇదిగో, ఈవిడని కొట్టు అంటుంది. ఒక్క క్షణం అందరూ కొయ్యబారిపోతారు. తర్వాత తల్లే ముందు నవ్వుతుంది. అందరూ నవ్వుతారు. వీజర్ మాత్రం మండిపడుతూ వెళ్ళిపోతుంది.

చూడండి, ఇక్కడ స్నేహం ఏం చేసింది? దుఃఖాన్ని తీసేయలేదు. కారణం చెప్పలేదు. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. ఆవిడ కోపాన్ని నిజమైన కోపంగా ఒప్పుకుంది. కొట్టాలని ఉందా, సరే కొట్టు, మేమున్నాం అంది. అనెల్ చెప్పిన వేదాంతం చేయలేని పని ఆ మొరటు హాస్యం చేసింది. దీనికి నేపథ్యం ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం. వీజర్‌ని అందరూ తిట్టుకునే అలవాటు అంతకుముందు పదిసార్లు చూశాం కాబట్టే, పదకొండోసారి శ్మశానంలో అది పనిచేసింది. సినిమా మొదటి గంటలో కబుర్లుగా వెళ్ళిపోయినదంతా నిజానికి ఈ నిమిషం కోసం దాచుకున్న బలం. అందుకే ఆ జోకులు, ఆ చావు ఒకే సినిమాలో ఇమిడాయి.

ఇప్పుడు రెండో చరిత్రకి వద్దాం, జబ్బు చరిత్ర. ఇది చెప్పకపోతే ఈ సినిమాని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

సినిమా మొదట్లో, పెళ్ళిరోజు పొద్దున పార్లర్‌లో షెల్బీకి ఒళ్ళు వణుకుతుంది, మాట తేడాగా వస్తుంది. తల్లి బలవంతంగా పళ్ళరసం తాగిస్తుంది. మనలో చాలామందికి షుగర్ అంటే తీపి తినకూడదు అనే తెలుసు, అందుకని ఈ దృశ్యం వింతగా ఉండొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. అప్పుడు వెంటనే తీపి ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు. మన చుట్టూ ఎక్కువగా కనిపించేది టైప్ 2. షెల్బీది టైప్ 1.

ఇన్సులిన్‌ని 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కనిపెట్టారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదట ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. బతకడం మొదలయ్యాక కొత్త ప్రశ్న వచ్చింది. పదిహేను, ఇరవై ఏళ్ళు గడిచేసరికి కళ్ళు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం కనిపించింది. రక్తంలో చక్కెరని గట్టిగా అదుపులో ఉంచితే వాటిని ఆపవచ్చా? డాక్టర్లు దీని మీద దశాబ్దాలు వాదించుకున్నారు. ఇంట్లోనే వేలికొన చుక్క రక్తంతో చూసుకునే మీటర్లు రోగుల చేతికి వచ్చింది 1980 ప్రాంతంలో. మార్చిన కిడ్నీని శరీరం తోసిపుచ్చకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 1983లో. ఆ వాదన తేల్చడానికి అమెరికా, కెనడాల్లో 1,441 మందితో ఒక పెద్ద పరిశీలన మొదలైంది కూడా 1983లోనే. దాని ఫలితం 1993లో వచ్చింది. గట్టి అదుపువల్ల కంటి జబ్బు ముప్పు 76 శాతం, కిడ్నీ జబ్బు ముప్పు 50 శాతం తగ్గుతుందని తేలింది.

ఈ తేదీల పక్కన సూసన్ మరణాన్ని పెట్టి చూడండి. 1985. పరిశీలన మొదలైంది, జవాబు ఇంకా రాలేదు. ఆమె చిన్నతనమంతా మీటర్లు లేని కాలంలో గడిచింది. షెల్బీ కథ అంటే ఇన్సులిన్ వచ్చాక బతికి, దాన్ని సరిగ్గా వాడే పద్ధతి రుజువయ్యేలోపు వెళ్ళిపోయిన ఒక తరం కథ.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, సినిమాలో డాక్టర్లు పిల్లల్ని కనవద్దంటారు, షెల్బీ కంటుంది, చనిపోతుంది. టైప్ 1 ఉన్న ఆడవాళ్ళలో ఎంతోమంది ఈ సినిమా చూసి భయపడ్డామని, పిల్లలు కావాలి అన్నప్పుడల్లా చుట్టాలు ఈ సినిమా పేరే ఎత్తేవారని చెప్పుకున్నారు. ఒక అమ్మ జ్ఞాపకం కోసం రాసిన కథ, వేరే ఆడపిల్లలకి హెచ్చరికగా తయారైంది. ఇవాళ టైప్ 1 ఉన్న ఎందరో స్త్రీలు ముందుగా చక్కెరని అదుపులోకి తెచ్చుకుని, డాక్టర్ల పర్యవేక్షణలో ఆరోగ్యంగా పిల్లల్ని కంటున్నారు. కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళకి ప్రమాదం ఇప్పటికీ ఎక్కువే. కాబట్టి ఈ సినిమాని ఒక కాలంలో, ఒక మనిషికి జరిగినదిగా చూడాలి. జబ్బు ఉన్న ప్రతివాళ్ళ నుదుటి రాతగా చూడకూడదు.

ఇంకొక లోటు కూడా చెప్పుకోవాలి. నాకిటష్‌లో నల్లజాతివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఆ ఊరి చుట్టూ ఉన్నవి వాళ్ళ పూర్వీకులు బానిసలుగా పనిచేసిన తోటలు. కానీ సినిమాలో కథ నడిపేవాళ్ళంతా తెల్లవాళ్ళే. ట్రూవీ పార్లర్ కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్ళే. అందరినీ సమానం చేసే గది అని ఇందాక అన్నాను కదా, ఆ సమానత్వానికి ఉన్న గోడ అది. 2012లో కెనీ లియొన్ దర్శకత్వంలో క్వీన్ లతీఫా, ఆల్‌ఫ్రీ వుడార్డ్, ఫిలీషియా రషాద్ లాంటి నల్లజాతి నటీమణులతో ఈ కథని మళ్ళీ టెలివిజన్ సినిమాగా తీశారు. మాటలు చాలావరకు అవే. అయినా కథ చెక్కుచెదరలేదు. పార్లర్‌లో పంచుకునే ఆ మాట ఏ ఒక్క రంగువాళ్ళ సొత్తూ కాదని తెలిసింది.

ముగింపు మాట. సినిమా ఈస్టర్ పండగతో మొదలై ఈస్టర్ పండగతోనే ముగుస్తుంది. అనెల్ అప్పటికి నిండుచూలాలు. పుట్టబోయే బిడ్డకి షెల్బీ పేరు పెట్టుకోవచ్చా అని అంతకుముందే, అంత్యక్రియల తర్వాత, తల్లిని అడుగుతుంది. తల్లి ఒప్పుకుంటుంది. పోయిన మనిషి పేరు ఇంకొకరి నోటిమీద నిలవడం ఆవిడకి కావాలి. ఆవిడ సృష్టికర్తకి కావలసిందీ అదే కదా. ఒక చిన్న పిల్లవాడు మరిచిపోతాడేమో అన్న భయంతో పది రోజుల్లో రాసిన పేజీలు ఇవి. ఆ పిల్లవాడికే కాదు, అతని తల్లిని ఎన్నడూ చూడని కోట్లమందికి కూడా ఆమె ఎవరో తెలిసింది.

సినిమా చూడనివాళ్ళు తప్పకుండా చూడండి, వీలైతే మీ స్నేహితురాళ్ళతో కలిసి చూడండి. చూసినవాళ్ళు ఈసారి మొదటి గంటలోని కబుర్లని శ్రద్ధగా వినండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.